ఆకర్‌లో మంచు పడదు

ఆకర్ రేవు, పుణ్యభూమి
క్రిస్మస్ వెళ్ళిన వారం

పెరొనెల్ అక్కకు,
శిలువ యోధుడైన నీ తమ్ముడు ఎవ్రార్ నమస్కారాలు.

క్షేమంగా చేరాను. సముద్రం గురించి నువ్వు అనవసరంగా బెంగపెట్టుకున్నావు. అలలు మన చర్చి గోపురమంత ఎత్తు లేచాయి. ఓడలో అందరూ ఒక చేత్తో జపమాల, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని కూర్చుంటే, నేనొక్కణ్ణి ముందుభాగాన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఓడ నడిపేవాడు దగ్గరకొచ్చి, "ఇట్టాంటి గుండె గల దొరని నా జన్మలో చూళ్ళేదు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

దిగీ దిగగానే యుద్ధం. పడగొట్టినవాళ్ళను లెక్కపెట్టుకోవడం నా పద్ధతి కాదు గానీ, చూసినవాళ్ళు నలభై మంది అంటున్నారు. క్రిస్మస్ రోజున ఇక్కడ మోకాళ్ళలోతు మంచు పడింది. చలికి కత్తి ఒరలో బిగుసుకుపోతే వేడినీళ్ళు పోసి తీయాల్సి వచ్చింది. ఆ మంచులోనే గుడారం వేసుకుని పండగ చేసుకున్నాం.

ఒక చిన్న కోరిక. నువ్వు అల్లే ఉన్ని మేజోళ్ళు, మన మేకపాల జున్నుగడ్డ పంపగలవా? నేరుగా ఇక్కడికి పంపితే దారిలో దొంగల భయం. సముద్రానికి మనవైపునే, మార్సెయ్ రేవులో అలజైస్ అనే ఒక వితంతువు నడిపే పూటకూళ్ళ ఇల్లు ఉంది. అక్కడికి పంపు. అక్కడినుంచి నాకు అందే ఏర్పాటు ఉంది. మేజోళ్ళు మాత్రం కాస్త వదులుగా అల్లు. యుద్ధం వల్ల కాళ్ళు బలిశాయి.

నీ ఎవ్రార్


బ్రెఫోం
కొవ్వొత్తుల పండుగ మరునాడు

తమ్ముడికి అక్క దీవెనలు, వాటితోపాటు అలవాటు కొద్దీ ఒక మొట్టికాయ.

నీ ఉత్తరం ఉప్పుబళ్ళ గిలో తెచ్చి ఇచ్చాడు. ఆదివారం పూజ అయ్యాక ఒమెర్ ఫాదరుగారు దాన్ని నన్నే పైకి చదవమన్నారు. కత్తి మీద వేడినీళ్ళు పోసిన చోట చెప్పులు కుట్టే ముసలి జోస్ కళ్ళు తుడుచుకున్నాడు. ఊరి పిల్లలు అప్పుడే నీ యుద్ధం ఆడుతున్నారు. నువ్వు అవడానికి అందరూ పోటీ, సుల్తాను అవడానికి ఎవరూ రారు. చివరికి మన గాడిదకు తలపాగా చుట్టి కూర్చోబెట్టారు.

ఇక్కడ కొత్త గొడవ ఒకటి. అమ్మ నాకని ఇచ్చిన నీటిమర తనదేనని పొరుగు తిబో దొర బిషప్పుగారి కోర్టులో దావా వేశాడు. వాగు దారి మార్చుకుందిట, అందుకని మర అతని హద్దులోకి వచ్చేసిందిట. "మర తనే నడిచొచ్చిందా, మీరు భుజాన వేసుకొచ్చారా?" అని అడిగాను. నా మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన దగ్గర్నుంచి నేను తింటున్నది ఆ మర తిండే. అది పోతే నేను ఏ కాన్వెంటు వంటింట్లోనో గిన్నెలు తోముకోవాలి.

భయపడకు. భుజాన శిలువ కుట్టుకుని సముద్రం దాటినవాడి ఇంటి ఆస్తిని, వాడు తిరిగొచ్చేదాకా ఎవరూ కదిలించకూడదు కదా. బిషప్పుగారు దావాను పక్కన పెట్టారు. నీ భుజం మీది ఎర్రగుడ్డ ముక్కే ఇప్పుడు నా మరకు కాపలా.

ఓడ ముందు నిలబడ్డావని చదివి చాలాసేపు కాగితం పట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు మర పక్క మడుగులో పడి, నేను జుట్టు పట్టుకుని పైకి లాగినప్పటినుంచి, నువ్వు స్నానాల తొట్టి చూసినా తలుపు వెనక దాక్కునేవాడివి. అలాంటివాడివి ఇంతవాడివయ్యావు. అన్నట్టు, ఆకర్‌లో అంత మంచు పడుతుందా? నాకు తెలియదు, అందుకని అడుగుతున్నాను.

మేజోళ్ళు వదులుగానే అల్లాను. యుద్ధం చేసి కాళ్ళు బలిసిన మొదటి మనిషివి నువ్వేనేమో.

పెరొనెల్


ఆకర్ రేవు, మార్సెయ్‌కు చాలా దూరం
తపస్సు కాలం

అక్కా,

మేజోళ్ళు సరిపోయాయి. జున్ను అలజైస్‌కు చాలా నచ్చింది. అంటే, నచ్చిందని దాన్ని తెచ్చిన నావికుడు చెప్పాడు.

మంచు సంగతి. ఈ ఏడు అనుకోకుండా పడిందని ఇక్కడివాళ్ళే ఆశ్చర్యపోతున్నారు. ఇప్పుడు కరిగిపోయింది.

ఊళ్ళో పిల్లలకు చెప్పు, ఇక్కడ ఒంటె అనే జంతువు ఉంది. ఆవుకన్నా సాధువు. మూపురం నొక్కితే పాలు వస్తాయి. పొద్దున్నే లేచి తూర్పుకు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటుంది. నాకు ఒకటి దొరికింది. నన్ను చూస్తే తోక ఊపుకుంటూ వచ్చి చెయ్యి నాకుతుంది. దాని మీద ఎక్కే మొన్న సుల్తాను మేనల్లుడితో ద్వంద్వయుద్ధం చేశాను. అతను ఓడిపోయి, నా శౌర్యం చూసి ఏడ్చాడు. నేను క్షమించి పంపేశాను.

దీనితో సెయింట్ అపొలోనియా పన్ను పంపుతున్నాను. అసలుది. పంటినొప్పి వస్తే దవడకు తాకించుకో. తిబో దొర ఇంకేమైనా అంటే, నా తమ్ముడు వస్తాడు జాగ్రత్త అని చెప్పు. ఇప్పట్లో రాననుకో, అయినా చెప్పు.

వీరుడైన నీ ఎవ్రార్


బ్రెఫోం
ఈస్టర్ తరువాతి వారం

ఒరేయ్ ఎవ్రార్,

ఆ పన్ను దూడది. ఒమెర్ ఫాదరుగారు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఈ పునీతురాలు గడ్డి తినేది కాబోలు" అన్నారు.

నువ్వు మార్సెయ్ దాటలేదని నాకు నీ మొదటి ఉత్తరం నాడే తెలుసు. గిలో గుమ్మంలో ఉప్పు దింపుతూ ఏమన్నాడో తెలుసా? "తమ్ముడుగారు బాగా ఒళ్ళు చేశారండమ్మా. అలజైసమ్మ మలుగుచేపల పులుసు పెడతంటే రెండో గిన్నె అడిగి మరీ లాగిస్తన్నారు. ఉత్తరం నా సేతిలో ఎట్టినప్పుడు కూడా మూతి తుడుసుకోలేదండి." అతన్ని లోపలికి పిలిచి కడుపునిండా అన్నం పెట్టి, నోరు మూసుకోమన్నాను. ఆ తరువాత చర్చికి వెళ్ళి నీ నలభై మందిని ఊరందరికీ చదివి వినిపించాను.

ఎందుకు చదివానంటే, నాకు సంతోషంగా ఉంది కనుక. నువ్వు బతికి ఉన్నావు, రెండో గిన్నె అడుగుతున్నావు. అక్కకు అంతకన్నా ఏం కావాలి? నువ్వు అబద్ధాలు రాసినంతకాలం నేను నమ్మినట్టు నటిద్దామనుకున్నాను.

ఇక కుదరదు. తిబో దొర దివాను బాదంపప్పు కొనడానికి మార్సెయ్ వెళ్ళి నిన్ను చూశాడు. భుజాన శిలువ వేసుకుని, అంజూరపు చెట్టు కింద, ఒక వితంతువుతో చదరంగం ఆడుతున్నావట. ఓడిపోతున్నావట కూడా. తీగ మీద నా మేజోళ్ళు ఆరేసి ఉన్నాయట. సముద్రం దాటనివాడి శిలువకు కాపలా హక్కు లేదని తిబో యోహాను పండుగకు కోర్టుకు వెళ్తున్నాడు. గెలుస్తాడు.

నిన్ను బాగా తిట్టాలని కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్లే రాసి పొయ్యిలో వేశాను. ఇప్పుడు చెప్పేది విను. ఇంటికి వచ్చెయ్. బిషప్పుగారి కాళ్ళ మీద పడితే మొక్కు తీర్చని పాపానికి ఏదో ప్రాయశ్చిత్తం చెప్పకపోరు. మర పోతే పోనీ. కాన్వెంటు గిన్నెలు నన్నేమీ కరవవు. నిన్ను నీళ్ళలోంచి ఒకసారి బయటికి లాగాను. ఇప్పుడు మర కోసం అవే నీళ్ళలోకి నెట్టమంటే నా వల్ల కాదు.

అక్క


మార్సెయ్ (ఈసారి నిజంగానే)
వసంతపు ఓడలు కదిలే ముందు రోజు

అక్కా,

ఏం రాయాలో తెలియడం లేదు. అబద్ధం రాసేటప్పుడు కలం దానంతట అదే పరిగెత్తేది.

ఓడ ఎక్కడానికి చాలాసార్లు వెళ్ళాను. రేవునుంచి ఓడకు ఒక పలక వేస్తారు. దాని మీద కాలు పెడితే కింద నీళ్ళు కనబడతాయి, పచ్చగా, మన మడుగు రంగులో. అంతే, చెవుల్లో మళ్ళీ ఆ మర చప్పుడు మొదలవుతుంది. పోయినసారి వెనక ఒక రైతు తన పెళ్ళాం పిల్లలతో నిలబడి ఉన్నాడు. "దొరగారు, తమరు ఎక్కండి, లేపోతే కాస్త తప్పుకోండి, పిల్లలు ఎక్కుతారు" అన్నాడు. తప్పుకున్నాను. ఆ పిల్లలు ఎగురుకుంటూ ఎక్కారు. ఆ సాయంత్రమే నీకు నలభై మందిని చంపానని రాశాను.

సరదాకే అనుకున్నాను. నా అబద్ధం వెనక నీ కూడు ఉందని నాకు తట్టలేదు. తట్టినా, నువ్వే చూసుకుంటావులే అనుకున్నాను. ఎప్పుడూ నువ్వే కదా చూసుకుంటావు.

రేపు ఎక్కుతున్నాను. నీ ఉత్తరం చూపిస్తే అలజైస్ చదివించుకుని, "మీ అక్క వద్దంది కాబట్టి ఇప్పుడన్నా వెళ్ళవయ్యా పెద్దమనిషీ, ఆవిడ వెళ్ళమని ఉంటే వంక దొరికేది నీకు" అంది. కళ్ళకు గుడ్డ కట్టి తనే పలక దాటిస్తానంది. దాటించాక ఓడ స్తంభానికి తాడుతో కట్టేయమని నావికులకు చెప్పిందట. సుల్తాను మీదికి వెళ్తున్న యోధుణ్ణి బలిమేకలా కట్టేస్తారన్నమాట. ఊళ్ళో ఎవరికీ చెప్పకు.

వద్దని జవాబు రాయకు. రాసినా అది వచ్చేసరికి నేనుండను. ఆకర్‌లో సన్యాసుల వైద్యశాల ఉంది, యాత్రికుల ఉత్తరాలన్నీ అక్కడికి చేరతాయట. ఆ చిరునామాకు రాయి.

ఎవ్రార్


బ్రెఫోం
కోతల కాలం

తమ్ముడూ,

ఇది నీకు అందుతుందో లేదో తెలియకుండా రాస్తున్నాను. నువ్వు వెళ్ళావని అలజైస్ కబురు పంపింది. పలక మధ్యలో ఆగి, "అక్కా" అని పెద్దగా కేకవేసి, ఆ తరువాత నడిచావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.

యోహాను పండుగకు కోర్టుకు వెళ్ళాను. నువ్వు సముద్రం దాటుతున్నావని చెబితే తిబో దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాడా? మా ఇంటికొచ్చినప్పుడు పులుసు ఎక్కువైనా భయపడేవాడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిండు సభలో, "అంత నమ్మకముంటే సువార్త మీద చెయ్యి వేసి చెప్పండి దొరగారు. నా తమ్ముడు దాటాడని రుజువైతే మర వదులుకుంటారా?" అని అడిగాను. అందరూ అతని వైపే చూస్తున్నారు. నవ్వుతూనే చెయ్యి వేశాడు. "నువ్వో?" అన్నాడు. రుజువు కాకపోతే మారు మాట లేకుండా మర ఇచ్చేస్తానని నేనూ వేశాను. సెయింట్ మార్టిన్ పండుగదాకా, అంటే చలి మొదలయ్యేదాకా, గడువు.

నీ మీద పందెం కాశానురా. ఒమెర్ ఫాదరుగారు ఇంటికొచ్చేదాకా జపమాల తిప్పుతూనే ఉన్నారు.

ఇంకో సంగతి. ఆదివారం పూట జనం కదలడం లేదు, కొత్త ఉత్తరం చదవమంటారు. రాలేదంటే ముసలి జోస్ మొహం వాడిపోయింది. చూడలేక, మన ఇంటి సబ్బు లెక్కల చీటీ ఒకటి చేతిలో పట్టుకుని, నీ ఉత్తరమే అన్నట్టు చదవడం మొదలుపెట్టాను. అందులో నువ్వు ఏనుగును ఎదిరించావు. పోయిన వారం ఆ ఏనుగు పశ్చాత్తాపపడి బాప్తిస్మం పుచ్చుకుంది. ఊరంతా చప్పట్లు. అబద్ధం ఎంత హాయిగా వస్తుందో నాకు ఇప్పుడు తెలిసింది. ఇంటికొచ్చాక మాత్రం అంత హాయిగా ఉండదు.

ఏనుగులు, ఒంటెలు ఏమీ వద్దు. బతికున్నానని ఒక్క ముక్క రాయి.

అక్క


ఆకర్, వైద్యశాల వెనక బావి దగ్గర
ఎండలు మండుతున్నాయి, ఏ పండుగో గుర్తులేదు

అక్కా,

బతికున్నాను. నీ ఏనుగు ఉత్తరం ఈరోజే అందింది. ఏనుగుకు ఏం పేరు పెట్టారో రాయలేదు.

సముద్రం మీద జరిగింది చెప్పాలంటే, కక్కడం తప్ప ఏమీ జరగలేదు. మొదట దేవుణ్ణి పిలిచాను, తరువాత నిన్ను, తరువాత పక్కనున్న తొట్టిని. ఒడ్డున దిగగానే మోకాళ్ళ మీద పడి ఇసుకను ముద్దుపెట్టుకున్నాను. చూసినవాళ్ళు ఎంత భక్తి అనుకున్నారు. అది కదలకుండా ఉందని పెట్టుకున్నాను.

ఇక్కడ యుద్ధం లేదు. సుల్తానుకూ మనవాళ్ళకూ సంధి నడుస్తోంది. కవచం తొడుక్కుని ఎండలో ఒక పూట నిలబడ్డాను, లోపల ఉడికిపోయాను. మంచు అని అడిగితే ఇక్కడి పిల్లలు అదేమిటన్నారు. ఈగలు ముద్దను నోట్లోకి చేరనివ్వవు. పేలు పట్టి జుట్టు మొత్తం గొరిగించేశారు. ఒంటె సంగతి నేను రాసినదంతా మరిచిపో. అది దుర్మార్గపు జంతువు. నిమరబోతే మొహంలో మొహం పెట్టి చూసింది, ఆ తరువాత ఎడమ భుజం మీద ఉమ్మింది, సరిగ్గా శిలువ మీద. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోవడం లేదు, పచ్చగడ్డి పులిసిన కంపు.

మరి ఏం చేస్తున్నావంటావా? నీళ్ళు తోడుతున్నాను. వైద్యశాలలో జ్వరాలతో పడి ఉన్నవాళ్ళకు మనుషులు చాలక, వచ్చిన యోధులందరినీ పనికి పెట్టారు. మొదటిరోజు బావిలోకి తొంగిచూడలేక కళ్ళు మూసుకుని తోడాను. ఇప్పుడు చూస్తూనే తోడుతున్నాను. పలక దగ్గర నన్ను తప్పుకోమన్న రైతు ఇక్కడే ఉన్నాడు, జ్వరంతో. నన్ను గుర్తుపట్టాడు. "మొత్తానికి ఎక్కారన్నమాట దొరగారు" అన్నాడు. నలభై మందిని చంపి ఉన్నా అంత సంతోషం కలిగేది కాదు.

నేనిక్కడ ఉన్నానని సన్యాసుల ముద్రతో ఒక పత్రం, యాత్రికుల గుర్తుగా ఒక ఖర్జూరపు మట్ట పంపుతున్నాను. బిషప్పుగారికి ఇవ్వు. ఈ ఉత్తరం మాత్రం చర్చిలో చదవకు. చప్పగా ఉంది.

ఎవ్రార్


బ్రెఫోం
సెయింట్ మార్టిన్ పండుగ వెళ్ళిన మూడో రోజు

నా తమ్ముడికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కోర్టులో పత్రం చూపించాను. తిబో దొర దాన్ని మునివేళ్ళతో పట్టుకుని, "దూడపన్నుకు పునీతురాలి పేరు పెట్టి అమ్మే ఊళ్ళో ముద్రలు దొరకవా? ఖర్జూరపు మట్టలు మార్సెయ్ సంతలో కట్టలకు కట్టలు" అన్నాడు. ఆ పైన నీ పాత ఉత్తరాల నకళ్ళు, చర్చిలో కూర్చుని ఎవరితోనో రాయించినవి, బయటికి తీసి చదివించాడు. మోకాళ్ళలోతు మంచు దగ్గర సభంతా నవ్వింది. ఒంటె తోక ఊపిన చోట బిషప్పుగారు కూడా నవ్వారు. కాన్వెంటు గిన్నెలు కళ్ళ ముందు వరసగా కనిపించాయి.

ఇంకేం దారి లేక, నువ్వు చదవద్దన్న ఉత్తరమే చదివాను. ఒంటె దగ్గరికి వచ్చేసరికి బిషప్పుగారు నవ్వడం మానేశారు. "ఆగమ్మా. ఉమ్మిందని రాశాడా?" అన్నారు. అవునన్నాను. "దేని వాసన అన్నాడు?" పచ్చగడ్డి పులిసిన కంపు అన్నాను. ఆయన కాసేపు తన ఎడమ భుజం తడుముకుంటూ కూర్చున్నారు. పడుచుతనంలో ఆయనా శిలువ కుట్టుకుని అక్కడ ఉండొచ్చారట, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. "వెళ్ళనివాడు యుద్ధం గురించి రాస్తాడు. వెళ్ళినవాడే ఈగల గురించి ఇంత ఏడుస్తాడు. మర ఈ అమ్మది" అన్నారు. తిబో దొర నోరు తెరిచాడు. బిషప్పుగారు సువార్త పుస్తకం మీద వేలితో తట్టారు. నోరు మూసుకున్నాడు.

మార్సెయ్‌లో కూర్చుని చెప్పిన అబద్ధాలకు నువ్వు వచ్చాక చెప్పుల్లేకుండా చర్చికి నడవాలి. ఏనుగుకు బాప్తిస్మం ఇచ్చినందుకు నీ పక్కనే నేనూ నడవాలి.

నీ ఉత్తరం ఊళ్ళో కూడా చదివాను. ఎవరికీ నచ్చలేదు. "ఇది మా దొర రాసింది కాదు, ఎవరో దొంగ ఉత్తరం పంపేరు" అన్నాడు ముసలి జోస్. నేను మాత్రం దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాను.

వసంతపు ఓడలో వచ్చెయ్. మళ్ళీ అదే సముద్రమని నాకు తెలుసు. బిషప్పుగారి కోర్టు దాటి ఎటూ వెళ్ళని నేను గిలో ఉప్పుబండిలో మార్సెయ్ వస్తున్నాను. రేవులో నిలబడతాను. కావలిస్తే ఈసారీ జుట్టు పట్టుకుని లాగుతాను.

పెరొనెల్


మార్సెయ్ రేవు, ఓడ మీదనుంచి
ఈస్టర్ పొద్దున

అక్కా,

ఈ చీటీ అలజైస్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. నువ్వు నిన్ననే వచ్చి ఆమె ఇంట్లో దిగావని, మలుగుచేపల పులుసులో ఉప్పు తక్కువైందని అప్పుడే అన్నావని చెప్పింది. మీరిద్దరూ కలిశాక నా గతి ఏమిటో దేవుడికే తెలియాలి. చదరంగంలో ఆమెతో ఓడిపోతూ ముసలివాణ్ణి అవుదామని నాకొక ఆలోచన ఉంది. నీ దీవెన కావాలి, వివరం తరువాత చెబుతాను.

ఓడ కట్టేశారు. పలక వేశారు. ఈసారి నన్ను ఎవరూ స్తంభానికి కట్టలేదు. దారి పొడుగునా తొట్టి పట్టుకుని నా అంతట నేనే కూర్చున్నాను. అందరూ దిగిపోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. నావికులు నవ్వుతున్నారు, భయమనుకుంటున్నారు.

భయం కాదక్కా. దిగగలను. నీళ్ళు అదే రంగులో ఉన్నాయి, చూస్తూనే ఉన్నాను. కానీ నువ్వు వచ్చేదాకా దిగను. ఇంత దూరం ఉప్పుబండిలో కుదుపులు పడి వచ్చావు, ఊరికే పోనివ్వడం బాగుండదు.

తొందరగా రా. పేలకని జుట్టు మళ్ళీ గొరిగించేశారు. చెయ్యి పట్టుకో.